వెన్నుపాముకు షోకాజ్ నోటీసు

34 ఏళ్లు రెవెన్యూ శాఖలో పనిచేసి, సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. అంత సర్వీసులో పై అధికారి పొట్టి సంతకం పడకుండా ఒక్క కాగితాన్ని కూడా నా బల్ల దాటనివ్వలేదు. అటువంటి నా ఒంట్లోనే ఒక కార్యాలయం పుట్టినప్పటి నుంచీ అనుమతులు లేకుండా నడిచిపోతోందని మొన్న ఆదివారం బయటపడింది.

జరిగింది ఇది. మా ఆవిడ పెసరట్లు వేస్తోంది. పళ్లెంలో ఉన్న అల్లం ముక్క అందుకుందామని చెయ్యి చాచాను. మణికట్టు పెనం అంచుకు తగిలింది. తగిలిందని నాకు తెలిసేసరికి చెయ్యి గుండెల దగ్గరుంది. వరస గమనించండి. ముందు చెయ్యి వెనక్కి వచ్చేసింది. తర్వాత చురుక్కుమంది. ఆ తర్వాత తీరిగ్గా మంట మొదలైంది. అంటే ఉత్తర్వు అమలైపోయాక, ఉత్తర్వు ఇవ్వాల్సిన అధికారికి సమాచారం అందింది. మా ఆఫీసులో ఏ గుమస్తా అయినా ఈ పని చేసుంటే సాయంత్రానికి సస్పెన్షన్ కాగితం చేతిలో ఉండేది.

"అసలు చెయ్యి తియ్యమని ఎవరు చెప్పారు?" అన్నాను.

"మీ ఫైలు కదిలేదాకా ఆగుంటే ఈపాటికి అదీ పెసరట్టయ్యేది. కుళాయి కింద పెట్టండి ముందు," అంది మా ఆవిడ, అట్లకాడ చేతిలోంచి దించకుండానే.

సెలవులకొచ్చిన మా మనవరాలు ఎంబీబీఎస్ చదువుతోంది. ఆ పిల్లనే విచారణాధికారిగా వేసుకున్నాను. "అది రిఫ్లెక్సు తాతయ్యా. వెన్నుపామే తీసేసుకుంది, మెదడుతో పని లేదు. మా తెలుగు మీడియం ఫ్రెండ్సు అసంకల్పిత ప్రతీకార చర్య అంటారు," అని తేల్చేసింది. ప్రతీకారమా! పెనం మీద నాకేం పగ? సరే, పరిభాష ఎవరు రాశారో వాళ్లనే అడగాలి.

సదరు వెన్నుపాము వివరాలు విచారణలో తేలినంతవరకు ఇవి. పొడవు సుమారు 45 సెంటీమీటర్లు, అంటే బడిపిల్లల స్కేలు ఒకటిన్నర. లావు చిటికెనవేలంత. తూకం ఇంచుమించు 35 గ్రాములు, మా ఆవిడ పుస్తెలతాడు కంటే తక్కువే. వెన్నెముక నడుం కిందిదాకా ఉన్నా, పాము మాత్రం నడుం మొదట్లో, ఒకటో రెండో కటి వెన్నుపూస దగ్గరే ఆగిపోతుంది. అక్కణ్ణుంచి కిందికి నరాలు కుచ్చులా వేలాడతాయి. ఆ కుచ్చును వైద్యులు గుర్రం తోక అంటారు. పేరేమో పాము, తోకేమో గుర్రంది. ఈ ఒక్క సంగతి మీదే ఆడిటువాళ్లు నాలుగు పేజీలు రాస్తారు.

ఈ కార్యాలయంలో 31 జతల నరాలున్నాయి. ప్రతి నరానికీ చెట్టుకున్నట్టు రెండు వేర్లు. వెనక వేరు ఇన్‌వార్డు. తాకిడి, వేడి, నొప్పి వంటి అర్జీలన్నీ అందులోంచే లోపలికొస్తాయి. ముందు వేరు అవుట్‌వార్డు. కండరాలకు పోయే ఉత్తర్వులు అందులోంచే బయటికెళ్తాయి. ఒకరి రిజిస్టరు ఇంకొకరు ముట్టుకోరు. ఈ ఏర్పాటు చూసి నా ప్రాణం లేచొచ్చింది. దీన్ని కనిపెట్టిన ఘనత ఎవరిదని ఆరా తీస్తే మాత్రం అచ్చం మా శాఖే. లండన్‌లో చార్లెస్ బెల్ 1811లో ఒక చిన్న పుస్తకం వేసి స్నేహితులకు పంచాడు. అందులో ముందు వేరు సంగతి పట్టుకున్నాడు గాని వెనక వేరు పని సరిగ్గా తేల్చలేదు. పారిస్‌లో మజెండీ 1822లో కుక్కపిల్లల మీద ప్రయోగాలు చేసి రెండు వేర్ల పనులూ తేల్చి రాశాడు. దాంతో బెల్ తన పాత వ్యాసాలను అక్కడక్కడా దిద్ది మళ్లీ అచ్చువేయించాడు. దీన్ని మేం వెనక తేదీ వెయ్యడం అంటాం. సీనియారిటీ తగాదా ఎంతకీ తెగక, చివరికి బెల్-మజెండీ నియమం అని ఇద్దరికీ కలిపి కట్టబెట్టారు. కుక్కపిల్లల పేరు ఏ జాబితాలోనూ లేదు.

ఇక అసలు అభియోగం. పెనం తగిలిన కబురు చేతి నరం వెంట వెన్నుపాములోకి వచ్చింది. అక్కడున్న కిందిస్థాయి సిబ్బంది ఆ కాగితాన్ని మెదడుకు పెట్టి, జవాబు వచ్చాక చర్య తీసుకోవాలి. వాళ్లేం చేశారు? అక్కడికక్కడే మోచెయ్యి ముడిచే కండరాలకు ఉత్తర్వు ఇచ్చేశారు. మెదడుకు మాత్రం "తమ సమాచారం నిమిత్తం" అని ఒక నకలు పంపారు. అంతటితో ఆగారా? కాలికి ముల్లు గుచ్చుకున్నప్పుడు ఆ కాలు పైకి లాగడమే కాకుండా, మనిషి పడిపోకుండా రెండో కాలు బిగబట్టమని అవతలి పక్కకు కూడా ఆదేశాలిచ్చేస్తారట. మా మండలం తహశీల్దారు పక్క మండలానికి ఉత్తర్వులివ్వడం ఎక్కడైనా ఉందా?

మోకాటి వ్యవహారం ఇంకా ఘోరం. మనవరాలు నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, మోకాటి చిప్ప కింద చిన్న సుత్తితో టక్కున కొట్టింది. కాలు ఎగిరి, కింద కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తున్న మా ఆవిడ గిన్నెకు తగిలింది. ఈ కేసులో మధ్యన ఒక్క గుమస్తా కూడా లేడు. తొడ కండరం సాగిందన్న కబురు తెచ్చిన నరం, నేరుగా ఆ కండరాన్ని కదిలించే నరకణం చెవిలోనే వేస్తుంది. ఒకే ఒక్క చేతి మార్పిడి. పైగా అదే క్షణంలో తొడ వెనక కండరాన్ని సడలించమని ఇంకో గుమస్తాతో కబురు. ఇలా ఒకరు బిగిస్తే రెండోవారు వదలాలన్న ఏర్పాటును షెరింగ్టన్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త విప్పి చూపించాడు. ఆయనకు 1932లో నోబెల్ బహుమతి ఇచ్చారు. క్రమశిక్షణ రాహిత్యాన్ని ఇలా సన్మానిస్తే కార్యాలయాలు ఎలా బాగుపడతాయి?

రూట్ల సంగతి చూద్దాం. ఎడమ అరికాల్లో ముల్లు దిగిందనుకోండి. ముల్లు ఒక్కటే, ఫైళ్లు రెండు. నొప్పి ఫైలు వెన్నుపాములోకి వచ్చీరాగానే, ఒకటి రెండు అంతస్తుల్లోపే కుడి పక్కకు దాటేసి, అటునుంచి పైకెక్కుతుంది. సరిగ్గా ఏ వేలి కింద తాకింది, కాలు ఏ వాటంలో ఉంది అన్న ఫైలు మాత్రం ఎడమ పక్కనే పద్ధతిగా పైకి పోయి, మెడ దాటాక, మెదడు అడుగున వెన్నుపాము కలిసే మజ్జాముఖం దగ్గర కుడికి తిరుగుతుంది. చేరేది రెండూ కుడి మెదడుకే. ఆమాత్రానికి ఒకే చోట దాటొచ్చుగా? రాజధాని నుంచి దిగే ఉత్తర్వులదీ ఇదే వరస. ఎడమ మెదడు కుడి చేతిని ఏలుతుంది. నూటికి 85 నుంచి 90 పోగులు మజ్జాముఖం అడుగున అటూ ఇటూ మారతాయి. మిగిలినవి మారవు. ఎందుకు మారవని అడిగితే మనవరాలు "పరీక్షలో అది అడగరు తాతయ్యా" అంది.

ఈ రెండు రూట్ల నిర్వాకం తెలుసుకోవాలంటే సగం తెగిన వెన్నుపామును చూడాలి. 19వ శతాబ్దం నడుమ బ్రౌన్-సెకార్డ్ అనే డాక్టరు దీన్ని పట్టుకున్నాడు. మారిషస్ ద్వీపంలో పుట్టినవాడు. వెన్నుపాములో ఎడమ సగం తెగితే, దెబ్బకు దిగువన ఎడమ కాలు పడిపోతుంది, అది ఎటు తిరిగి ఉందో కళ్లు మూసుకుంటే తెలియదు. కాని గుచ్చితే నొప్పి తెలుస్తుంది. కుడి కాలు శుభ్రంగా కదులుతుంది. కాని దాని మీద నిప్పు పడ్డా తెలియదు. రోడ్డు మీద ఒకే గొయ్యి తవ్వి రెండు ఊళ్లకు రెండు రకాల ఇబ్బంది కలిగించడం మన ఇంజనీర్లకు మాత్రమే వచ్చనుకున్నాను. ఈ బ్రౌన్-సెకార్డే 1889లో, 72 ఏళ్ల వయసులో, కుక్కల, గినీపందుల వృషణాల సారం తనకు తాను సూది వేయించుకుని యవ్వనం తిరిగొచ్చిందని పారిస్‌లో ప్రకటించాడు. రిటైరైనవాళ్లు ఊరికే కూర్చోలేరు, ఆ బాధ నాకు తెలుసు.

తపాలా వేగాల్లోనూ సమానత్వం లేదు. కండరాల వాటం చెప్పే నరాలు సెకనుకు 80 నుంచి 120 మీటర్ల మీద పరిగెడతాయి. మొదటి నొప్పి తెచ్చే సన్న నరాలు 5 నుంచి 30 మీటర్లు. రెండో రకం నొప్పి నరాలకు పైన కొవ్వు తొడుగు కూడా లేదు, సెకనుకు అర మీటరు నుంచి రెండు మీటర్లు. మా ఊరి ఎడ్లబండి నయం. ఈ తేడాను ప్రయోగశాలల్లో కొలవడానికి ఎన్నో ఏళ్లు పట్టిందట. మన అమ్మమ్మలకు అంత శ్రమ అక్కర్లేకపోయింది. ముందొచ్చేదాన్ని చురుక్కు అన్నారు, వెనక నింపాదిగా వచ్చేదాన్ని సలుపు అన్నారు. ఏ నరం ఏదో కూడా పేర్లలోనే పెట్టేశారు.

నాకు నిజంగా నచ్చినవాడు ఈ కార్యాలయంలో ఒకడున్నాడు. గేటు దగ్గర డవాలీ బంట్రోతు. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు వీణ్ణి ఊహించి రాశారు. నొప్పి వెన్నుపాములోకి రాగానే నేరుగా పైకి పోదు, పాము లోపలే వెనక కొమ్ము అనే చోట ఒక గేటుంది. పక్కనే తాకిడి నరాలు గట్టిగా సందడి చేస్తే ఆ గేటు కొంత మూసుకుంటుంది. తర్వాతివాళ్లు వివరాల్లో చాలా మార్పులు చేశారు గాని, బంట్రోతు ఉద్యోగం మాత్రం ఊడలేదు. అందుకే మోకాలు గుద్దుకుంటే ముందు రుద్దుకుంటాం. పిల్లాడు పడితే వాళ్లమ్మ పరిగెత్తుకొచ్చి, మోకాలు నిమిరి, "ఏం కాలేదమ్మా, చీమ చచ్చిపోయింది" అని, నేలను రెండు దెబ్బలు వేస్తుంది. నిమరడం గేటు మూయడం. నేలను కొట్టడం, నా లెక్కలో, అసలు సిసలు ప్రతీకార చర్య.

ఈ బంట్రోతుకు పై నుంచి నోటిమాటగా కూడా ఆదేశాలొస్తాయి. మా పెద్దమ్మాయి పెళ్లిలో నా అరికాల్లో గాజు పెంకు దిగింది. ఎప్పుడు దిగిందో దేవుడికి తెలియాలి. అప్పగింతలయ్యాక, కారు వీధి మలుపు తిరిగాక, పందిట్లో కుర్చీలో కూలబడితే అప్పుడు సలిపింది. చూసుకుంటే పంచె అంచు నెత్తురుతో ఎండి కాలికి అంటుకుపోయి ఉంది. పొద్దుటి నుంచీ నా అర్జీ గేటు బయటే నిలబడిందన్నమాట. "మెదడే కిందికి కబురు పంపి నొప్పిని ఆపించింది తాతయ్యా, ఒంట్లోనే నల్లమందు లాంటిది తయారవుతుంది," అంది మనవరాలు. పై అధికారి బిజీగా ఉన్నప్పుడు అర్జీదారుణ్ణి బయట నిలబెట్టడం. ఇదొక్కటి మాత్రం ఈ కార్యాలయం మా దగ్గరే నేర్చుకుని ఉండాలి.

ఈ వరసనంతా చూసి, ఛార్జిమెమో ముసాయిదా రాయడానికి కూర్చున్నాను. ఒకటి, అనుమతి లేకుండా చెయ్యి లాగడం. రెండు, పరిధి మీరి రెండో కాలికి ఆదేశాలు. అలా రాసుకుంటూ ఆరో అభియోగం దాకా వచ్చాను. "కార్యాలయ ప్రాంగణంలో ఆక్రమణలు ఏమైనా ఉన్నాయా?" అని మనవరాల్ని అడిగాను. మా శాఖవాడు అడగాల్సిన ప్రశ్నే అది.

ఉన్నాయంది. వెన్నుపాము ఉండేది ఎముకల మధ్య ఇరుకైన గొట్టంలో. ఎముక లోపలికి పెరిగినా, కట్టుతాళ్లలో సున్నం పేరుకున్నా ఆ గొట్టం సన్నబడి పామును నొక్కేస్తుంది. దిగే ఉత్తర్వులు ఆగిపోతాయి. కాళ్లు కర్రల్లా బిగుసుకుంటాయి. అదుపు చేసే పై అధికారి మాట అందక రిఫ్లెక్సులు మరీ ఎక్కువవుతాయి, అరికాలు గీస్తే బొటనవేలు పసిపిల్లలకు లేచినట్టు పైకి లేస్తుంది. "ఏళ్ల తరబడి ఫ్లోరైడు నీళ్లు తాగినవాళ్లలో ఇలా అవుతుంది. మా పాఠంలో నల్గొండ పేరుంది. అంతకుముందే 1937లో నెల్లూరు జిల్లా నుంచి డాక్టర్లు రాశారట," అంది.

పెన్ను కింద పెట్టాను. ఆ రోజుల నాటి నెల్లూరు జిల్లా పడమటి పల్లెలు కొన్ని తర్వాత ప్రకాశం జిల్లాలోకి వచ్చాయి. అటువైపు ఒక తాలూకాలో నేను యూడీసీగా, అంటే పెద్ద గుమస్తాగా పనిచేశాను. రిపోర్టు పడి అప్పటికి 40 ఏళ్లు దాటింది. వేసవిలో ఒకాయన వచ్చేవాడు, మంచినీళ్ల అర్జీ పట్టుకుని. నడుం దగ్గర వంగిపోయి, మెడ కదలక, కర్ర ఊతంతో కాళ్లు ఈడ్చుకుంటూ మెట్లెక్కేవాడు. నా బల్ల ముందు నిలబడితే ఆయన చూపు నా సొరుగు తాళంచెవి దగ్గర ఆగేది. అర్జీ మీద "తగు చర్య నిమిత్తం" అని రాసి, పక్క సెక్షనుకు పంపి, రేపు రమ్మనేవాణ్ణి. మూడు వేసవులు వచ్చాడు. ఎంత విసుక్కున్నా ఒక్కసారీ తలెత్తి నా మొహం వంక చూడలేదు.

నేనంటే భయభక్తులనుకున్నాను.