ముందు పందిరి, పెళ్లికూతురు సంగతి తర్వాత

మన దగ్గర ఎవరైనా మంత్రిగారు ‘బహుళ ప్రయోజన వినోద వేదిక’ కడతామని ప్రకటిస్తే చాలు, వెనక వరసలోంచి ఎవరో ఒకరు లేచి ‘ఇంతకీ అందులో ఏం చేస్తారండీ?’ అని అడుగుతారు. ఇంతకన్నా అమర్యాదైన ప్రశ్న ఇంకోటి లేదు. షామియానా కుర్రాణ్ణి పట్టుకుని పెళ్లికూతురు ఏం చదివిందని అడిగితే ఏం చెబుతాడు? అతని పని గుంజలు పాతడం. బహుళ ప్రయోజనం అన్నప్పుడే మనం అర్థం చేసుకోవాలి, ప్రయోజనం ఇంకా ఖరారు కాలేదని.

ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. మనకు రైళ్లూ, రెవెన్యూ రికార్డులూ, ఫైలు మీద ఫైలు పేర్చే విద్యా నేర్పిన దొరలే ఈ శాస్త్రానికీ గురువులు. వాళ్ల ప్రామాణిక గ్రంథం లండన్‌లో, గ్రీనిచ్ దగ్గర, థేమ్స్ నది వంపులో ఇప్పటికీ నిలబడి ఉంది. పుట్టినప్పటి పేరు మిలీనియం డోమ్, అంటే సహస్రాబ్ది గుమ్మటం. చూడ్డానికి మాత్రం పెద్ద గుడారం. వేదికలు కట్టాలని ఉబలాటపడే ప్రతి కార్పొరేషన్ వారూ దీన్ని పాఠంగా పెట్టుకోవాలని నా మనవి.

2000 సంవత్సరం వస్తోంది, ఏదో ఒకటి ఘనంగా చెయ్యాలి. ఆలోచన ఇంతే. మొదలుపెట్టింది కన్సర్వేటివ్ ప్రభుత్వం, ముఖ్యంగా అందులోని ఉపప్రధాని మైకేల్ హెసెల్టైన్. స్థలం పాత గ్యాస్ ఫ్యాక్టరీది, విషంతో నానిన నేల. 1997 మేలో లేబర్ పార్టీ గెలిచింది. మన దగ్గరైతే పాత ప్రభుత్వం వేసిన శిలాఫలకం కనబడగానే కొత్త ప్రభుత్వానికి చేతులు దురద పెడతాయి. అక్కడ కొత్త ప్రధాని టోనీ బ్లెయిర్ అలా చెయ్యలేదు. ఎవరి కొడుక్కి పెళ్లో తెలియకపోయినా పందిరి మాత్రం ఆగకూడదన్నారు. బాధ్యత తన మంత్రి పీటర్ మాండెల్సన్‌కి అప్పగించారు. 1951లో లండన్‌లో జరిగిన బ్రిటన్ మహోత్సవాన్ని నడిపించిన హెర్బర్ట్ మోరిసన్ ఈయనకు అమ్మ తరఫు తాత. ఆ ఉత్సవంలోనూ ఒక డోమ్ ఉండేది, అడ్డకొలత 365 అడుగులు. మనవడి డోమ్ అడ్డకొలత 365 మీటర్లు. తాత అడుగుల్లో కొలిచింది మనవడు మీటర్లలో కొలిస్తే దాన్నే అభివృద్ధి అంటారు.

1997 అక్టోబరులో రాటలు లేచాయి. వంద మీటర్ల ఎత్తు, పసుపు రంగు, మొత్తం పన్నెండు. రాటకి పసుపు పూయాలని వాళ్లకి ఎవరు చెప్పారో తెలియదు గానీ శాస్త్రోక్తంగానే జరిగింది. పైన పరిచిన గుడ్డ గాజు నారతో నేసి టెఫ్లాన్ పూసింది, అంటే మన దోసెల పెనం మీద ఉండేదే. ఏ విమర్శా అంటుకోకుండా జారిపోవాలన్న ముందుచూపు కాబోలు. కప్పులో ఒకచోట పెద్ద రంధ్రం ఉంటుంది. నది కింద వెళ్లే బ్లాక్‌వాల్ సొరంగానికి గాలి ఆడించే గొట్టం అప్పటికే అక్కడ ఉంది, దాన్ని కదపడం కుదరలేదు, అందుకని చుట్టూ గుడ్డ కత్తిరించారు. పెళ్లి ముఖ్యమే కానీ వీధిలో వేపచెట్టు కొట్టకూడదు కదా.

ఇక్కడ ఒక్క నిమిషం వ్యంగ్యం పక్కన పెడతాను. ఆర్కిటెక్ట్ రిచర్డ్ రోజర్స్, ఆయనతో పనిచేసిన ఇంజనీర్లు ఆ గుడారాన్ని చెప్పిన వేళకి, చెప్పిన డబ్బులో లేపారు. గుడారానికి అయిన ఖర్చు సుమారు 4.3 కోట్ల పౌండ్లు. మొత్తం పెళ్లికి అయింది 78.9 కోట్లు. ఈ రెండు అంకెల మధ్య దూరంలోనే ఉంది సంగతంతా. పందిరి చవక. ఖర్చంతా లోపల ఏం పెట్టాలో తెలియకపోవడానికి అయింది.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు మనవాళ్లు. అక్కడ సోమలింగానికి ఏకంగా పద్నాలుగు గదులు కేటాయించారు. దేహం, మనసు, విశ్వాసం, పని, విశ్రాంతి, ఆట, డబ్బు... ఇలా పద్నాలుగు మండపాలు. మాండెల్సన్ 1998 జనవరిలో అమెరికా వెళ్లి ఫ్లోరిడాలో డిస్నీ వాళ్ల లోకాన్ని చూసొచ్చారు. సంబంధాలు చూడటానికి దూరాభారం లెక్కచెయ్యకూడదు. లోపలి సరుకు చూసుకోవాల్సిన సలహాదారు స్టీఫెన్ బేలీ ఆ నెలలోనే తప్పుకున్నారు. పౌరోహిత్యం కుదరనప్పుడు పంచాంగం చంకన పెట్టుకుని వెళ్లిపోవడం సర్వత్రా ఉన్నదే.

ముహూర్తం 1999 డిసెంబరు 31 రాత్రి. సుమారు పదివేలమంది అతిథులు. వాళ్లలో వేలమందికి శుభలేఖలు, అదే పాసులు, వేళకి చేరలేదు. స్ట్రాట్‌ఫర్డ్ రైల్వే స్టేషన్‌కి వచ్చి తీసుకోండి అన్నారు. అక్కడ తనిఖీ చేసే యంత్రాలు చాలక చలిలో గంటల తరబడి నిలబెట్టారు. నిలబడ్డవాళ్లలో పత్రికల సంపాదకులున్నారు! మగపెళ్లివారిని విడిదికి తీసుకెళ్లకుండా ప్లాట్‌ఫారం మీదే వదిలేస్తే తెల్లారేసరికి ఊళ్లో ఏం మాట్లాడుకుంటారో మన పల్లెటూరి పెళ్లిపెద్దకి కూడా తెలుసు. లోపల అర్ధరాత్రి పాట మొదలైంది, రాణి ఎలిజబెత్ చేతిని బ్లెయిర్ పట్టుకున్నారు. ఆ ఫోటోలో రాణిగారి ముఖం చూసినవాళ్లకి, దూరపు బంధువు పెళ్లిలో బలవంతాన స్టేజీ ఎక్కించిన పెద్దమ్మ గుర్తుకొస్తుంది.

వడ్డన లెక్క చూద్దాం. ఏడాదిలో కోటీ ఇరవై లక్షలమంది వస్తారని విస్తళ్లు పరిచారు. పెద్దవాళ్లకి టిక్కెట్టు 20 పౌండ్లు. వచ్చినవాళ్లు సుమారు 65 లక్షలు. నిజానికి ఆ ఏడాది బ్రిటన్‌లో డబ్బు తీసుకుని చూపించే మరే ప్రదర్శనా దాని దరిదాపుల్లోకి రాలేదు. అయినా సగం విస్తళ్లు ఎండిపోతే వంట బాగుందని ఎవరంటారు? ఫిబ్రవరిలోనే ప్రధాన కార్యనిర్వాహకురాలు జెన్నీ పేజ్‌ని సాగనంపి, పారిస్ డిస్నీ నుంచి పియర్ ఈవ్ గెర్బో అనే ఫ్రెంచాయన్ని తెచ్చారు. ఇంగ్లిషువాళ్ల పెళ్లికి ఫ్రెంచి వంటవాడు. తర్వాత చదివింపులు మొదలయ్యాయి. ఫిబ్రవరిలో 6 కోట్ల పౌండ్లు, మేలో 2.9, ఆగస్టులో 4.3, సెప్టెంబరులో 4.7. చదివించింది లాటరీ నిధి. అంటే జాక్‌పాట్ తగులుతుందని వారం వారం టిక్కెట్టు కొనే మామూలు జనం. మొత్తం కలిపి వాళ్ల డబ్బు 62.8 కోట్లు. ఆగస్టు చదివింపు ఒక్కదానితోనే ఇంకో గుడారం లేచేది.

ఏడాది పొడుగునా ఆ డోమ్‌లో జనం చెప్పుకోదగ్గ ఆట ఒక్కటే జరిగింది. అది నిర్వాహకులు వేసింది కాదు. 2000 నవంబరు 7 ఉదయం ఒక ముఠా జేసీబీ వేసుకుని గుడారం పక్కగోడ చీల్చుకుంటూ లోపలికి వచ్చింది. డబ్బు మండపంలో డి బీర్స్ వాళ్ల వజ్రాలు పెట్టారు, అందులో 203 క్యారెట్ల మిలీనియం స్టార్ ఉంది. పొగబాంబులు, సమ్మెటలు, పారిపోవడానికి నదిలో మోటారు పడవ, అన్నీ సిద్ధం. పోలీసులకి ముందే ఉప్పందింది. వాళ్లు ఊడ్చేవాళ్ల బట్టల్లో చీపుళ్లు పట్టుకుని కాపు కాశారు, అసలు వజ్రాలు తీసేసి నకిలీవి పెట్టారు. ఇంత ఖర్చు పెట్టి వచ్చాక లోపల అసలు సరుకు లేదని తెలిసినప్పుడు కలిగే బాధ, పాపం, ఆ దొంగలకి ఒక్కళ్లకే కలిగింది కాదు. 20 పౌండ్ల టిక్కెట్టువాళ్లు ఎప్పణ్ణుంచో అనుభవిస్తున్నదే. మన దగ్గర జేసీబీ మట్టి తవ్వుతుంటేనే ఊరంతా వచ్చి గట్టు మీద కూర్చుంటుంది. ఈ ఆటని రోజుకి రెండుసార్లు వేసి ఉంటే కోటీ ఇరవై లక్షలు అలవోకగా దాటేది.

ఏడాది చివర తలుపులు మూశారు. సామాను వేలం వేశారు. కొంటామన్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి చూసి వెళ్లిపోయారు. ఖాళీ పందిరికి కాపలా ఖర్చు మాత్రం ఆగలేదు. 2004 క్రిస్మస్‌కి ఒక స్వచ్ఛంద సంస్థ అక్కడ ఇల్లు లేనివాళ్లకి ఆశ్రయం ఇచ్చింది. కప్పు లేనివాళ్లకి కప్పు. కట్టిన ఇన్నేళ్లలో ఆ గుడారం ఎందుకున్నదో ఎవరూ అడగని రోజులు అవే అయుంటాయి.

మా ఊళ్లోనూ ఓ బహుళ ప్రయోజన భవనం ఉంది. పెళ్లిళ్లకి చిన్నది, సినిమాకి పెద్దది, ఎన్నికలప్పుడు పెట్టెలు పెట్టడానికి సరిగ్గా సరిపోతుంది. మిగిలిన నాలుగేళ్లూ మెట్ల మీద మేకలు పడుకుంటాయి. గ్రీనిచ్ గురించి చదివాక మా మేకల మీద నాకు గౌరవం పెరిగింది.

ఇక అసలు సంబంధం అమెరికా నుంచి కుదిరింది. ఫిలిప్ ఆన్షుట్జ్ అనే కోటీశ్వరుడి కంపెనీ వచ్చి గుడారం లోపల ఇరవై వేలమంది పట్టే అరీనా కడతామంది. అయితే గుడ్డ కింద పెద్ద క్రేన్లు లేవలేవు. అందుకని అరీనా కప్పుని నేల మీదే కట్టి, ఆ తర్వాత పైకి ఎత్తారు. కప్పు కింద ఇంకో కప్పు, అదీ గోడల కన్నా ముందు! పద్ధతిని వదలకూడదన్న ఆ పట్టుదలకి చేతులెత్తి మొక్కాలి. ఒక ఫోన్ కంపెనీ కట్నం ఇచ్చి ఇంటిపేరు మార్పించుకుంది. 2007 జూన్ 24న బాన్ జోవి కచేరీతో ‘ది ఓ2’ తెరుచుకుంది. ఆ ఏడాదే ప్రిన్స్ అనే అమెరికా గాయకుడు అక్కడ 21 రాత్రులు పాడాడు. అప్పట్నుంచి అది ప్రపంచంలోనే సందడైన అరీనాల్లో ఒకటి. పదేళ్లపాటు నవ్విన పత్రికలే ఇప్పుడు అక్కడి టిక్కెట్లు దొరకడం లేదని వార్తలు రాస్తాయి. నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను గనక ఈ పేరా త్వరగా ముగిస్తున్నాను.

ఒలింపిక్స్ వాళ్లు మాత్రం కట్నం ఇంటిపేరు ఒప్పుకోలేదు. 2012లో జిమ్నాస్టిక్స్ జరిగినన్నాళ్లూ అది ‘నార్త్ గ్రీనిచ్ అరీనా’, అంటే పుట్టిన ఊరి పేరుతో గడిపింది. 2022 ఫిబ్రవరిలో యూనిస్ తుఫాను వచ్చి టెఫ్లాన్ గుడ్డని పీలికలు చేసింది. మళ్లీ కుట్టారు.

ఇప్పుడు అక్కడ ఇంకో వ్యాపారం నడుస్తోంది. టిక్కెట్టు కొంటే నడుముకి తాడు కట్టి గుడారం మీదకి ఎక్కిస్తారు. 52 మీటర్ల ఎత్తున, పసుపు రాటల మధ్య నిలబడి నది చూడొచ్చు, అవతల కానరీ వార్ఫ్ మేడలు చూడొచ్చు, సెల్ఫీ దిగొచ్చు. కాళ్ల కింద ఏం జరుగుతోందో మాత్రం అక్కణ్ణుంచి కనపడదు. ఎక్కినవాళ్లెవరూ అడగరు కూడా.