అనుమతి లేని అంతస్తులు

విశాఖలో నాలుగు అంతస్తులకు ప్లాను తీసుకుని ఐదోది లేపితే ఏమవుతుందో అందరికీ తెలుసు. ముందు నోటీసు వస్తుంది. తర్వాత ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగా, అదే సెట్‌బ్యాక్, కొలవడానికి టేపు పట్టుకుని మనుషులొస్తారు. ఆ పైన, అపరాధ రుసుము కట్టి క్రమబద్ధం చేయించుకునే పథకం మళ్ళీ ఎప్పుడు పెడతారా అని యజమాని పేపరు తిరగేస్తూ కూర్చుంటాడు. ఇంత కట్టుదిట్టమైన ఏర్పాట్లున్న ఊళ్ళో ఒక్క దరఖాస్తు లేకుండా, ఒక్క సంతకం లేకుండా, చైత్రం రాగానే ఇంటింటా నిర్మాణాలు పైకి లేస్తున్నాయి. అదీ రాత్రిపూట, మనం పడుకున్నాక. ఎదుగుదల హార్మోను గాఢనిద్రలోనే ఎక్కువగా విడుదలవుతుందని డాక్టర్లే ఒప్పుకుంటున్నారు. పిల్లలు ఎదుగుతున్నారు. ఈ సంగతి ఇంతవరకూ ఏ కౌన్సిల్ సమావేశంలోనూ చర్చకు రాలేదంటే పౌరుడిగా నాకు ఆందోళనగా ఉంది.

ఊరికే ఆరోపణలు చేసే అలవాటు నాకు లేదు. ఆధారం ఉంది. మా అపార్ట్‌మెంటు లిఫ్టు.

మామూలుగా అందరూ తలుపు చట్రం పక్కన గోడ మీద పెన్సిలు గీతలు గీస్తారు. మాది అద్దె ఫ్లాటు. గోడ మీద గీత కనిపిస్తే రంగుల ఖర్చు అడ్వాన్సులో కోసుకుంటానని ఓనరుగారు మొదటిరోజే చెప్పారు. కాబట్టి మా నాలుగేళ్ళవాడి ఎత్తుకు లిఫ్టు బటన్లే కొలబద్ద. పోయినేడు ఉగాదికి వాడికి అందింది అన్నిటికన్నా కిందున్న గంట బొమ్మ ఒక్కటే. అందిందే నొక్కాలి కనుక అదే నొక్కేవాడు. వాచ్‌మన్ చేతిలో అన్నం ముద్దతో పరిగెత్తుకొచ్చేవాడు. ఈ ఉగాదికి రెండో అంతస్తు దాకా వచ్చాడు. మొన్నీమధ్య మునివేళ్ళ మీద లేచి, ఎడమ చెయ్యి గోడకు ఆనించి, నాలుక కొస పెదాల మధ్య నుంచి బయటపెట్టి, చూపుడువేలు చివరి కణుపుతో మా నాలుగో అంతస్తు నొక్కేశాడు. ఒక్క క్షణం నా వైపు చూశాడు. తర్వాత వరసగా మూడు, రెండు, ఒకటి, గంట. అధికారం చేతికొచ్చిన మనిషి మొదట చేసే పని ఎప్పుడూ అదే. ఆ సాయంత్రం మాతోపాటు ప్రతి అంతస్తులోనూ ఆగి, ప్రతి తలుపూ తెరుచుకోవడం చూసి, పోర్టులో పనిచేసి రిటైరైన పెద్దాయన "బాబు బాగా ఎదిగాడండీ" అన్నారు. అది మెచ్చుకోలు కాదని నాకు తెలుసు.

ఇదంతా వసంతంలోనే ఎందుకు జరుగుతుందన్నది అసలు ప్రశ్న. ఉగాది ప్రత్యేక సంచికల్లో వసంతమంటే కోయిల, మావిచిగురు. విశాఖలో వసంతమంటే స్నానం చేసి తుడుచుకునేలోపే మళ్ళీ తడవడం. అయినా సరే, వేప పూస్తుంది. కానుగ పాతాకు రాల్చి కొత్తాకు వేసుకుంటుంది. రైతుబజార్లోకి సువర్ణరేఖ పళ్ళు దిగుతాయి. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు పెడతారు. ఇంత పెద్ద కుట్ర జరుగుతుంటే పిల్లలు మాత్రం ఊరుకుంటారా?

ఇది నా ఒక్కడి అనుమానం కాదు. 1880లలో కోపెన్‌హాగెన్‌లో రాస్ముస్ మాలింగ్ హాన్సెన్ అని ఒకాయన ఉండేవారు. బధిర విద్యార్థుల పాఠశాలకు అధిపతి. అంతకుముందే బంతి ఆకారంలో ఒక టైపు మిషను కనిపెట్టిన బుర్ర. అది చాలదన్నట్టు తన బడిలో పిల్లల్ని రోజూ తూచి, కొలిచి, ఏళ్ళ తరబడి లెక్కలు రాశారు. తేలిందేమిటంటే, పిల్లల ఎత్తు వసంతం నుంచి వేసవి దాకా జోరుగా పెరుగుతుంది, బరువు మాత్రం శరత్తులో వచ్చి చేరుతుంది. అంటే ముందు పిల్లర్లు లేపి, గోడల సంగతి దసరాకి చూసుకుంటారన్నమాట. చలిదేశం లెక్కలు మన ఉక్కపోతకి ఎంతవరకు అతుకుతాయో శాస్త్రవేత్తలు చూసుకుంటారు గానీ, ఏప్రిల్‌లో ఊరి నుంచి దిగిన ప్రతి నాయనమ్మా మనవణ్ణి చూడగానే "ఎముకలు తేలిపోనాయి, గుంటడికి తిండి ఎడతన్నారా నేదా?" అని కోడల్ని నిలదీయడానికి ఒక శాస్త్రీయ కారణం దొరికింది. మా ఆవిడ ఆ డేన్‌మార్కు ఆయన ఫొటో ఉంటే ప్రింటు తీయించమంది.

ఆయనకంటే ముందే ఫ్రాన్సులో మోంబేయార్ అనే దొర తన కొడుకుని 1759లో పుట్టినప్పటి నుంచి 1777 దాకా కొలుస్తూ పోయాడు. పద్దెనిమిదేళ్ళు. దొర కనుక సొంత గోడలుండి ఉంటాయి.

ఇక అపరాధ రుసుము విషయం. ఉల్లంఘన చేసేది వాళ్ళు, కట్టేది నేను. పుట్టినప్పుడు సుమారు 50 సెంటీమీటర్లున్న పిల్ల ఏడాది తిరిగేసరికి 75 అవుతుంది. యాభై శాతం అదనపు నిర్మాణం! ఆ తర్వాత జోరు తగ్గి ఏడాదికి ఐదారు సెంటీమీటర్లకి వస్తుందని డాక్టర్లు ఓదారుస్తారు. ఆ ఐదారు సెంటీమీటర్లూ బూట్ల దగ్గర మొదలై నిక్కర్ల మీదుగా నా జీతం దాకా వస్తాయి. పూర్ణా మార్కెట్ వైపు చెప్పుల షాపులో పాప పాదాన్ని చేత్తో పట్టుకుని, బొటనవేలి దగ్గర నొక్కి చూసి, షాపాయన ఏటా ఒకే మాట చెబుతాడు: "ఎదిగే పిల్ల కదా బాబూ, ఓ సైజు పెద్దది పట్టుకెళ్ళండి. ముందర దూది ఎట్టేయండి, సరిపోద్ది." ఈ 'ఓ సైజు పెద్దది' అన్నది మన మధ్యతరగతి రాజ్యాంగంలో మొదటి అధికరణం. దాని ప్రకారం మా పిల్లలు జూన్ నుంచి దీపావళి దాకా వదులు బట్టల్లో ఈదుతారు. సంక్రాంతి తర్వాత బిగుతు బట్టల్లో ఊపిరి బిగబడతారు. మధ్యలో ఓ నెల మాత్రం కొలతకి సరిగ్గా సరిపోతాయి. ఆ నెల కూడా మేం గమనించం, ఫోటోలూ తీయం.

వయసు విషయంలో తల్లిదండ్రుల ధోరణి ఇంకో ముచ్చట. భీమిలి వెళ్ళే బస్సెక్కితే కండక్టరు పిల్లాణ్ణి కింద నుంచి పైకి చూస్తాడు. ఐదు దాటితే అర టిక్కెట్టు. తల్లి వెంటనే ఒళ్ళోకి లాక్కుని, కాళ్ళు మడిచి, కొంగు కప్పి, "ఇంకా నాలుగున్నరేనండీ" అంటుంది. అదే తల్లి అదే వారం ఒకటో తరగతి అడ్మిషన్ కౌంటర్ దగ్గర "జూన్‌కి ఆరు నిండిపోతాయి మేడమ్, ఒడ్డూ పొడుగూ చూడండి" అని పిల్లాణ్ణి బల్ల మీద నిలబెట్టి చూపిస్తుంది. పిల్లాడు మాత్రం రెండు చోట్లా బుద్ధిగా తలాడిస్తాడు. మున్ముందు రియల్ ఎస్టేటులో పైకొస్తాడు.

అసలు సింహాచలం అప్పన్న సంగతి తెలిసిన ఊరు కనుక మనకి ఈ వ్యవహారం కొత్త కాకూడదు. స్వామి ఏడాది పొడుగునా చందనం పూత కింద ఉంటాడు. వైశాఖ శుద్ధ తదియ నాడు, అక్షయ తృతీయ రోజు, ఆ పూత వొలిచి నిజరూప దర్శనం ఇస్తారు. జనం కొండ మీదా కొండ కిందా కిలోమీటర్ల పొడుగున నిలబడతారు. మన పిల్లలకూ అంతే. జూన్ నుంచి ఏప్రిల్ దాకా యూనిఫాం, టై, ఐడీ కార్డు, నూనె రాసి దువ్విన తల. ఏప్రిల్ చివర్లో బడులు మూసేశాక ఆ పూత ఒలిస్తే లోపల ఎవరున్నారో అప్పుడు తెలుస్తుంది. మా అమ్మాయికి ఈల వేయడం వచ్చని నాకు వేసవి సెలవుల మొదటి వారంలో తెలిసింది. ఎవరు నేర్పారని అడిగితే "ఎప్పుడో వచ్చింది" అంది, పింఛను వయసు దాటిన మనిషిలా. చీకటంటే భయం పోయిందట. కాకరకాయ తింటుందట. ఈ మార్పులు ఏ నెలలో, ఎవరి అనుమతితో జరిగాయో రికార్డు లేదు. ప్రోగ్రెస్ రిపోర్టులో గళ్ళన్నీ వెతికాను. 'నీట్‌నెస్: బి' అని ఉంది.

స్వామికి మళ్ళీ చందనం పూత నాలుగు విడతలుగా సమర్పిస్తారు. బడి ఫీజు కూడా నాలుగు విడతలే. మిగతా పోలికలు భక్తులే చూసుకోవాలి.

నిజరూపం బయటపడగానే మనం చేసే మొదటి పని దాన్ని కప్పెయ్యడం. దానికి సమ్మర్ క్యాంపులున్నాయి. పొద్దున్న అబాకస్, పది గంటలకి స్పోకెన్ ఇంగ్లిష్, సాయంత్రం కరాటే, ఆ పైన మా అపార్ట్‌మెంటులో ఒకరు 'ఐఐటీ ఫౌండేషన్' అన్నారు, మూడో తరగతి పిల్లకి. పునాది ఎప్పుడైనా వేయొచ్చట. ఇక్కడ మన వైఖరి ఒకసారి పరిశీలించాలి. ఎదగమని మనమే అంటాం. పాల గ్లాసు పట్టుకుని వెంటపడి అంటాం. కానీ మనం గీసిన ప్లాను ప్రకారం, మనం చూస్తుండగా, పక్క ఫ్లాటు వాళ్ళకి చూపించుకునేలా ఎదగాలి. మేడ మీద వాటర్ ట్యాంకు నీడలో పక్కింటి పిల్లలతో కూర్చుని, ఉప్పూ కారం అద్దుకున్న పచ్చిమామిడి ముక్క నాకుతూ ఎదిగింది లెక్కలోకి రాదు. దానికి సర్టిఫికెట్టు ఇవ్వరు కనుక.

ఎదుగుదలని అదుపులో పెట్టే ఉపాయం మన పెద్దవాళ్ళ దగ్గర ఒకటుంది. పడుకున్న పిల్లల్ని దాటితే ఇక ఎదగరంటారు. బూట్ల బిల్లు వచ్చిన రాత్రి, హాల్లో చాప మీద అడ్డదిడ్డంగా పడుకున్న ఇద్దర్నీ చూసి, దీన్ని ప్రయోగాత్మకంగా అమలు చేద్దామనిపించింది. దాటాను. మా అమ్మకి పట్టపగలు టీవీ వినపడదు గానీ, చీకట్లో ఇది కనపడింది. "ఒరే, గుంటల్ని దాటేసినావేట్రా? ఎనక్కి దాటు, ముందు ఎనక్కి దాటు!" ఎలా వెళ్ళానో అలాగే వెనక్కి దాటించింది. దాంతో ఉత్తర్వు రద్దయిపోయింది. పొద్దున్నే వాడు మళ్ళీ నాలుగో బటన్ నొక్కాడు.

కూల్చివేతలు కూడా ఈ సీజన్లోనే. ఉన్నవే ఇరవై పాలపళ్ళు. ఆరేళ్ళ వయసులో కింది ముందు పళ్ళతో మొదలుపెట్టి ఒక్కొక్కటే తీసేసుకుంటారు. ఊడిన పన్నుని ఆవుపేడలో చుట్టి ఇంటి కప్పు మీదకి విసిరితే కొత్త పన్ను చక్కగా వస్తుందని శాస్త్రం. పెంకుటిళ్ళ కాలంలో రాసిన శాస్త్రం. ఐదంతస్తుల అపార్ట్‌మెంటులో నాలుగో అంతస్తు వాడికి కప్పంటే ఐదో అంతస్తు వాళ్ళ గచ్చు. పేడ సంగతి అడగనే వద్దు. ఎంవీపీ కాలనీలో మా వీధిలో తిరిగే ఆవు మా అవసరాన్ని పసిగట్టినట్టు వారం రోజులు కనపడకుండా పోయింది. చివరికి పన్నుని తడి మట్టిలో చుట్టి మేడ మీదకి వెళ్ళి విసిరాం. అది గురి తప్పి ఎవరో ఆరబెట్టుకున్న గుమ్మడి వడియాల్లో పడింది. ఏ వడియంలో పడిందో వెతకలేకపోయాం. ఆ ఇంటివాళ్ళు ఎవరో కూడా ఇక్కడ రాయలేను. వాళ్ళు మాకు ఒక గిన్నెడు వడియాలు పంపించారు మరి.

ఈ మొత్తం వ్యవహారంలో తెలివైన తల్లి ఆలివ్ రిడ్లే తాబేలు. మన తీరానికొచ్చి, రాత్రిపూట ఇసకలో గుంట తవ్వి, వందకి అటూ ఇటూగా గుడ్లు పెట్టి, గుంట పూడ్చి, వెనక్కి తిరిగి చూడకుండా సముద్రంలోకి వెళ్ళిపోతుంది. అడ్మిషన్ లేదు, బూట్లు లేవు. అటవీ శాఖ వాళ్ళు ఆ గుడ్లు ఏరి హేచరీల్లో పెడితే నెలన్నర, రెండు నెలల్లో పిల్లలు పైకొస్తాయి. జోడుగుళ్ళపాలెం దగ్గర వదిలేటప్పుడు పిల్లల్ని తీసుకెళ్ళాం. అరచేతిలో పట్టేంత నల్లటి ప్రాణులు, తడి ఇసక మీద రెక్కలు కొట్టుకుంటూ, అల వచ్చి వెనక్కి తోసినా మళ్ళీ అటే. మావాడు ఒకదానికి దారి చూపిస్తున్నాననుకుని చెయ్యి అడ్డం పెట్టబోయాడు. "అది నిన్ను అడిగిందా?" అంది అక్క. తర్వాత చాలాసేపు వాటినే చూసి, ఎంతో అసూయగా, "వీటికి సమ్మర్ క్యాంపు లేదా నాన్నా?" అని అడిగింది.

ఈ పరిస్థితుల్లో బాధ్యతగల తండ్రిగా ఇంట్లో కొన్ని నియమాల ముసాయిదా తయారుచేసి ఫ్రిజ్ మీద అంటించాను. ఎదగదలచినవారు పదిహేను రోజుల ముందు లిఖితపూర్వకంగా తెలియజేయాలి. కొత్త బూట్లు కొన్న మూడు నెలల లోపు పాదాలు పెంచరాదు. ఈల వంటి విద్యలు నేర్చుకున్న వెంటనే ఇంటి పెద్దకి సమాచారం ఇవ్వాలి. పళ్ళు సెలవు రోజుల్లోనే ఊడాలి. అభ్యంతరాలుంటే వారం లోపు దాఖలు చేయాలి.

వారం దాకా ఆగలేదు. ఒకటో తరగతి అయిపోయిన మా అమ్మాయి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ మొత్తం చదివింది. ఊడిన పళ్ళ సందులోంచి 'లిఖితపూర్వకంగా' అన్న మాట వచ్చేసరికి ఫ్రిజ్ తలుపు తడిసింది. చదివాక ముసాయిదాని కాదు, నన్ను పరిశీలించింది. చొక్కా నాలుగో గుండీ దగ్గర వేలు పెట్టి, "మరి నువ్వు ఇక్కడ ఇంత పెరిగావు కదా నాన్నా, ఎవర్నడిగావు?" అంది.

"ముందువైపు సెట్‌బ్యాక్ కూడా వదల్లేదు" అని వంటింట్లోంచి ఇంకో గొంతు వినిపించింది.

విచారణ వాయిదా వేశాం.