బ్లీచ్‌లో వెనిగర్ కలపమన్నవారికి

“రిటైనర్‌ను కొత్తదానిలా మెరిపించే ఐదు ఇంటి చిట్కాలు” అనే సందేశం ఈ నెలలో నాకు రావడం ఇది నాలుగోసారి. రిటైనర్ అంటే, సరిచేయించుకున్న పళ్ళు మళ్ళీ పక్కకు జరగకుండా నోట్లో పెట్టుకునే తొడుగు. పంపినవారందరూ నా మేలు కోరేవారే కనుక ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. నిన్న పంపిన మిత్రుడు మాత్రం అందులోని మూడో చిట్కాను ఈ రాత్రే పాటించబోతున్నానని కూడా చేర్చడంతో సమాధానం రాయక తప్పడం లేదు.

మొదటి చిట్కా: మరిగే నీళ్ళలో పది నిమిషాలు ఉంచితే క్రిములన్నీ చస్తాయట. క్రిముల మాట ఎలా ఉన్నా రిటైనర్ ఆయువు మాత్రం తీరుతుంది. పారదర్శకమైన రిటైనర్‌ను తయారుచేసేదే ప్లాస్టిక్ రేకును వేడితో మెత్తబరచి, పళ్ళ అచ్చు మీద అదిమి. అందుకు తరచుగా వాడే పెట్‌జీ అనే ప్లాస్టిక్ సుమారు 80 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మెత్తబడుతుంది. వేడితో వచ్చిన ఆకారం వేడితోనే పోతుంది.

రెండోది టూత్‌పేస్ట్‌తో గట్టిగా తోమడం. అలా తోమితే పేస్ట్ రాపిడికి ప్లాస్టిక్ మీద సన్నని గీతలు పడతాయి, ఆ గీతల్లోనే పాచి చేరుతుంది. మెత్తని బ్రష్షు, ఒక చుక్క గిన్నెల సబ్బు ద్రవం, చల్లని నీళ్ళు చాలు.

ఇక మూడోది. కప్పులో సగం బ్లీచ్, సగం వెనిగర్ పోసి, రిటైనర్ వేసి, మూత పెట్టి, రాత్రంతా తలాపున ఉంచుకోవాలట. బ్లీచ్ అంటే సోడియం హైపోక్లోరైట్ ద్రావణం. దానికి వెనిగర్ వంటి ఆమ్లం తగిలితే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్ర్ వద్ద జర్మన్ సైన్యం శత్రువుల కందకాల మీదికి వదిలింది ఈ వాయువునే. కప్పులో పుట్టేది అంత కాదు, నిజమే. కానీ కళ్ళు మండడానికి, గొంతు పట్టేయడానికి, ఉబ్బసం ఉన్నవారికి ఊపిరాడకపోవడానికి మూసిన గదిలో ఆ కాస్త చాలు. మూత పెట్టమనడంలోనూ ఎంతో ముందుచూపు కనిపిస్తోంది: పొద్దున్నే మూత తీసినవారికి రాత్రంతా కూడబెట్టినది ఒక్కసారిగా ముక్కుకు అందుతుంది! పోనీ బ్లీచ్‌ను విడిగా వాడదామన్నా, హాలీ అనే రకం రిటైనర్‌కు ఉండే స్టీలు తీగను అది గుంటలు పడేలా తినేస్తుంది. వెనిగర్ నేరం మాత్రం ఏమీ లేదు. దానిని విడిగా, నీళ్ళు కలిపి, 15 నుంచి 20 నిమిషాలు వాడి బాగా కడిగితే తెల్లగా పేరుకున్న గార వదులుతుంది. నేనూ అదే చేస్తాను.

నాలుగోది రాత్రంతా మౌత్‌వాష్‌లో నానబెట్టడం. రంగు మౌత్‌వాష్ మరకలు మిగులుస్తుంది, అంతే.

ఐదో చిట్కాను కూడా ఇలాగే కొట్టిపారేద్దామనుకున్నాను. రిటైనర్‌తో పాటు దాని పెట్టెను కూడా రోజూ కడిగి ఆరబెట్టాలని అందులో ఉంది. అది అక్షరాలా నిజం. చదివాక లేచి వెళ్ళి నా పెట్టె తెరిచి చూశాను; అడుగున పట్టిన జిగట చూసి, ఈ సమాధానం సగంలో ఆపి, ముందు దానిని కడిగి వచ్చాను.