ఎంఎస్ స్కాన్‌లో ఇనుమునూ చూడాలి

మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) అంటే ఒంటి రోగనిరోధక శక్తే మెదడు, వెన్నుపాముల్లోని నరాల తొడుగును దెబ్బతీసి మచ్చలు మిగిల్చే జబ్బు. అది ఉన్నవాళ్ల ఎంఆర్ఐ రిపోర్టులో 'కొత్త మచ్చలు లేవు' అని రాసుంటే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. కానీ మచ్చలు పెరగకపోయినా నడక మందగిస్తోందని, చిన్న లెక్కకే తడబడుతున్నామని ఆ మనిషికి తెలుస్తూనే ఉంటుంది. రిపోర్ట్ బాగానే ఉంది కదా అని అందరూ అంటుంటే ఏం చెప్పాలో తోచదు. ఈ తేడాకు జవాబు కొంత మెదడులోని ఇనుములో ఉంది. దాన్ని చూపించే పద్ధతి చేతిలో ఉండీ వాడకపోవడం సరికాదని మా అభిప్రాయం.

మెదడులో ఇనుము ఎక్కువగా ఉండేది నరాలకు మైలిన్ తొడుగు చుట్టే కణాల్లోనే. ఎంఎస్‌లో ఆ కణాలు చచ్చిపోతే ఇనుము బయటపడుతుంది, దాన్ని మైక్రోగ్లియా అనే కాపలా కణాలు మింగి కొన్ని మచ్చల అంచున ఏళ్ల తరబడి రగులుతూ ఉండిపోతాయి. ఇనుము ఉన్నచోట అయస్కాంత క్షేత్రం కాస్త చెదురుతుంది కాబట్టి ఆ చెదురును పట్టుకునే ఎస్‌డబ్ల్యూఐ లాంటి ఎంఆర్ఐ స్కాన్‌లో ఆ అంచు నల్లటి ఉంగరంలా కనబడుతుంది. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ పరిశోధకులు 192 మందిని పరిశీలించి 2019లో చెప్పిందేమిటంటే, ఇలాంటి మచ్చలు నాలుగు, అంతకు మించి ఉన్నవాళ్లకు నడకలో, ఆలోచనలో ఇబ్బందులు చిన్న వయసులోనే వచ్చాయని. డాక్టర్లు ఎంఎస్‌ను తేల్చడానికి వాడే మెక్‌డొనాల్డ్ ప్రమాణాలను 2024లో సవరించినప్పుడు రోగ నిర్ధారణకు తోడ్పడే ఆనవాళ్లలో ఈ ఉంగరమూ చేరింది.

ఎస్‌డబ్ల్యూఐ కొత్తదేం కాదు, మెదడులో రక్తస్రావం పట్టుకోవడానికి మన ఆసుపత్రుల్లోనూ వాడుతున్నదే. కొన్ని నిమిషాలు ఎక్కువ పడుతుందంతే, ఇంజెక్షన్ కూడా అక్కర్లేదు. ఎంఎస్ అనగానే న్యూరాలజిస్టులు దీన్ని అడిగి రాయాలి, స్కాన్ సెంటర్లు ఈ ఉంగరాన్ని చూడటానికి పనికొచ్చే ఫేజ్ చిత్రాలను (ఎస్‌డబ్ల్యూఐలోనే వచ్చే ఒక రకం బొమ్మలు) కూడా చెరిపేయకుండా భద్రపరిచి ఇవ్వాలి, రేడియాలజిస్టులు ఉంగరాలున్నాయో లేవో రిపోర్టులో రాయాలి.

తొందరపాటు మాత్రం వద్దు, ఎందుకంటే ఈ ఇనుము పేరు మీదే ఒకసారి జనం మోసపోయారు. మెడ సిరలు మూసుకుపోవడం వల్లే ఇనుము పేరుకుంటోందని 2009 ప్రాంతంలో ఇటలీ డాక్టర్ జాంబోని చెప్పగానే కెనడా నుంచి రోగులు ఆ సిరలను బెలూన్‌తో వెడల్పు చేసే చికిత్స కోసం దేశాలు పట్టి తిరిగారు, మన దేశానికీ వచ్చారు. చివరికి 2017లో ఆయన బృందం చేసిన పరీక్షలోనే దానివల్ల లాభం లేదని తేలింది. పైగా ఎంఎస్‌లో ఇనుము అన్నిచోట్లా పెరగదు, మెదడు లోపలి భాగమైన థాలమస్‌లో తగ్గుతుంది కూడా.

ఇంకో మాట. ఈ జబ్బు ఆడవాళ్లలోనే ఎక్కువ, మన ఆడవాళ్లలో రక్తహీనతా ఎక్కువే. మెదడులో ఇనుము అని వినగానే భయపడి తోటకూర మానేయడం, డాక్టర్ ఇచ్చిన ఐరన్ మాత్రలు పక్కన పడేయడం చేయొద్దు.