నమీబియా "పది నిజాలు" – దయచేసి నాకు మళ్లీ పంపకండి

ఈ వారంలో ఇది ఆరోసారి. "నమీబియా వెళ్తున్నారా? పది నిజాలు!" అని మా పెదనాన్న దగ్గర్నుంచి కాలేజీ బ్యాచ్ దాకా అందరూ పంపారు.

"దక్షిణాఫ్రికాలో ఒక రాష్ట్రం." 1990 మార్చి 21నే స్వాతంత్ర్యం వచ్చి జెండా మారిపోయింది బాబూ.

"మనకు 8 చిరుతల్నిచ్చిన దేశం." 2022లో మధ్యప్రదేశ్‌లోని కూనో పార్కుకి వచ్చినవి చీతాలు. చిరుతలు మన శేషాచలంలోనే ఉన్నాయి.

"ఎడారి కదా, స్వెటర్ దండగ." జూన్, జులైల్లో అక్కడ చలికాలం. సోసస్‌వ్లై ఇసుక దిబ్బల మీద సూర్యోదయం చూద్దామని చీకటితో లేచినవాణ్ణి అడగండి, ఏది దండగో చెబుతాడు.

ఇవన్నీ పోనీ. ఏడో పాయింటు చూశాకే ఒళ్లు మండింది: "రోడ్లన్నీ ఖాళీ. రాత్రిళ్లు 120లో హాయిగా వెళ్లిపోవచ్చు."

ఖాళీయే, కాదన్నదెవరు? రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినదానికి మూడింతల నేల, జనమేమో 30 లక్షలు. అందుకే చాలా రోడ్లకు తారుండదు, కంకరే. దాని మీద బోల్తా పడటానికి ఎదురుగా ఇంకో బండి అక్కర్లేదు, గట్టిగా ఒక్క బ్రేకు చాలు. సొలిటేర్ నుంచి వాల్విస్ బే వెళ్లే సీ14 రోడ్డు మీద పట్టపగలు, 70లో పోతుంటేనే మా వెనక టైరు పేలింది. జాకీ కంకరలోకి దిగబడిపోతోంది. కింద పెడదామంటే చుట్టుపక్కల ఒక్క చెట్టు లేదు, పుల్ల లేదు. చివరికి కూరగాయలు తరిగే చెక్క పెట్టి లేపాం. ఫోన్లో సిగ్నల్ సున్నా. ముప్పావుగంటకి గానీ ఇంకో బండి కనపడలేదు.

అదే రాత్రయితే? పొద్దుగూకితే కుడూలు రోడ్డెక్కుతాయి. జింక అంటే జింకే, కానీ రెండొందల కిలోలు దాటుతుంది. లైటు పడితే పక్కకి తప్పుకోదు, బెదిరి బండి మీదికే దూకుతుంది. ఊరి బయట రాత్రిపూట నడిపితే చాలా అద్దె కార్లకు బీమా కూడా వర్తించదు. రాసిన మహానుభావుడు సోఫాలో కూర్చుని నడిపినట్టున్నాడు, హాయిగానే ఉంటుంది మరి.

"డాలర్లు పట్టుకెళ్లండి." ఏ డాలర్లు స్వామీ? అక్కడిది నమీబియా డాలరు, దాని విలువ సరిగ్గా ఒక దక్షిణాఫ్రికా రాండ్. రాండ్లూ చెల్లుతాయి. మిగిలిన నమీబియా నోట్లు మాత్రం అక్కడే ఖర్చుపెట్టి రండి, దక్షిణాఫ్రికా దుకాణాల్లో తీసుకోరు.

ఇక పదోది: "మన గీజరు ప్లగ్గు అక్కడ సరిపోతుంది." ఇదొక్కటీ నిజం. రాజధాని విండ్‌హోక్‌లో మా గదిలో గోడకున్నవి అచ్చం మన 15 ఆంప్స్ లావు కన్నాలే. ఇంట్లో ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు తీసుకెళ్తే సరిపోయేదానికి, ఎయిర్‌పోర్టులో 900 పోసి అడాప్టర్ కొన్న తెలివి నాదే. అప్పుడు మాత్రం ఒక్కరూ ఫార్వర్డ్ చెయ్యలేదు.