సీసాకు గిట్టుబాటు ధర

పత్తి గిట్టుబాటు ధర మీద మహారాష్ట్రలోని మా చాందా, అంటే చంద్రపూర్ జిల్లాలో తగువు పడని మనిషి లేడు. సోయాబీన్ మీద కూడా అంతే. వైన్ సీసాకు గిట్టుబాటు ఎంత అన్న సంగతిని మాత్రం ఇంతవరకు ఎవరూ పట్టించుకోలేదు. ఆ లోటు తీర్చే బాధ్యత నేను తీసుకుంటున్నాను. ఎవరూ అడగలేదు కాబట్టి సన్మానం కూడా ఆశించడం లేదు.

ఇంత ఆలస్యానికి కారణం ఉంది. 2015 ఏప్రిల్ 1న చంద్రపూర్ జిల్లాలో దారూబందీ, అంటే మద్యనిషేధం, మొదలైంది. తేదీ చూసి జనం ముందు నవ్వారు, తర్వాత నవ్వలేదు. 2021లో ఎత్తేసేదాకా సీసా నాణ్యత గురించి మావాళ్లు అడిగిన ప్రశ్న ఒక్కటే: దొరికిందా? ఏ తోటది, ఏ ఏడు పంట అని అడిగే తీరిక ఎవరికీ లేదు. దొరికిన సీసా మంచిది, దొరకని సీసా ఇంకా మంచిది. పక్కనున్న గడ్చిరోలిలో 1993 నుంచి ఇదే కొలమానం నడుస్తోంది. రాష్ట్రానికి ఆ చివర నాసిక్‌లో ద్రాక్షతోట మధ్య కూర్చుని గ్లాసు తిప్పితే టూరిజం, ఈ చివర సిరొంచలో గోదావరి ఒడ్డున కూర్చుని తిప్పితే కేసు. రాష్ట్రం పెద్దది మరి.

మా దగ్గర బందీ ఎత్తేశాక సీసాలొచ్చాయి. సీసాల వెనకే జ్ఞానులొచ్చారు. మా ఇంటికి వచ్చిన జ్ఞాని పుణెలో ఉద్యోగం చేసే మా తోడల్లుడు. బల్లార్షా స్టేషన్లో దిగేటప్పుడే సూట్‌కేసు మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు. అందులో బయటిదేశం రెడ్ వైన్ ఉంది. బయటి సీసా మీద మన దేశం ఏళ్ల తరబడి 150 శాతం సుంకం వేసింది కాబట్టి, అందులో ద్రాక్షరసం కంటే కస్టమ్స్ శాఖే చిక్కగా ఉంటుంది. అయినా గౌరవం గౌరవమే. ఆయన గ్లాసు తిప్పాడు, ముక్కు లోపలికి పెట్టాడు, కళ్లు మూసుకున్నాడు. తోలు, పొగాకు, పెన్సిల్ ములుకు వాసన వస్తున్నాయని ప్రకటించాడు. బొగ్గు గనిలో పనిచేసి రిటైరైన మా మామగారు ఆ గ్లాసు వైపు జాలిగా చూశారు. “జిందగంత గనిలనే పాయె అల్లుడా, ఇగ సీసల గూడ బొగ్గేనా?”

అసలు పరీక్ష ఆ తర్వాత మొదలైంది. అత్తగారు నాగపూర్ వైపు వాడే ఘాటైన సావజీ మసాలా నూరి వండిన నాటుకోడి పులుసు, జొన్నరొట్టెలు వచ్చాయి. ఒక ముద్ద, ఒక గుక్క. తోడల్లుడి చెవులు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత ముక్కు. కళ్లలో నీళ్లు తిరుగుతుండగానే “చాలా కాంప్లెక్స్‌గా ఉంది” అన్నాడు. చదువుకున్న మనిషి, “మండింది” అనలేడు.

ఇందులో ఆయన తప్పేమీ లేదు, సీసా తప్పూ లేదు. కారం నిజానికి రుచి కాదు. మిరపకాయలోని క్యాప్సైసిన్ నోట్లో వేడిని పసిగట్టే నరాలను తట్టి లేపుతుంది, మెదడు నోరు కాలిందనుకుంటుంది. ఆల్కహాల్ కూడా పోయి అదే తలుపు తడుతుంది. దానికి తోడు రెడ్ వైన్‌లో ద్రాక్ష తొక్కల నుంచి, గింజల నుంచి దిగిన టానిన్లు ఉంటాయి. అవి లాలాజలంలోని ప్రోటీన్లను పట్టేసుకుని నాలుకను వగరుగా, పొడిగా చేస్తాయి. పులుసు మంట పెడుతుంటే వైన్ వచ్చి తడి లాగేస్తుంది. ఇద్దరూ కలిసి మనిషిని కొట్టడానికి ఇంత డబ్బు పోయడమెందుకు?

అదే పులుసుకు బాగా చల్లబరిచిన, ఆల్కహాల్ తక్కువున్న, కాస్త తీపి తగిలే వైట్ వైన్ పెట్టి చూడండి. షెనిన్ బ్లాంక్ అనే ద్రాక్షతో నాసిక్‌లో చేసే సీసాలు ఈ పనికి చక్కగా ఒదుగుతాయి. తీపి కారాన్ని అణుస్తుంది, చల్లదనం నోటిని కాపాడుతుంది, టానిన్ల గొడవ లేదు. 1990లలో నాసిక్‌లో ఈ ద్రాక్షనూ సోవిన్యాన్ బ్లాంక్‌నూ నాటిన, సూలా వైన్ కంపెనీ పెట్టిన రాజీవ్ సామంత్ మనసులో మా అత్తగారి పులుసు ఉందని నేననను, కానీ లెక్క సరిపోయింది. ఆ రెండోది పుల్లగా ఉంటుంది కాబట్టి పుంటికూరకు, వార్ధా నది చేప వేపుడుకు జోడీ. చేపకు రెడ్ పోస్తే చాలాసార్లు నోట్లో ఇనుపముక్క చప్పరించినట్టుంటుంది. రెడ్ వైన్‌లో ఉండే ఇనుము చేప నూనెతో కలిసినప్పుడు జరిగే పని అది. రెడ్‌కూ మన ఇంట్లో చోటుంది. కొవ్వున్న మేకమాంసం, కారం తగ్గించి మిరియం వేసి వేయించినది, దానికి సరిగ్గా కుదురుతుంది. కారం తగ్గించడానికి ఇంట్లోవాళ్లు ఒప్పుకోవాలి, అది వేరే ఉద్యమం.

ఇంత తేలిగ్గా తేలిన విషయం ఎందుకు చెల్లుబాటు కాదంటే, ఈ వైట్ సీసాకు రెండు లోపాలున్నాయి: వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది, ఎర్రగా ఉండదు. బల్లార్‌పూర్‌లో మగవాడు నలుగురి ముందు తెల్లటి వైన్ తాగితే ఒంట్లో బాగోలేదా అని అడుగుతారు. రంగు లోపానికి మాత్రం మందుంది. 2001లో బోర్డోలో ఫ్రెడెరిక్ బ్రోషే అనే పరిశోధకుడు 54 మంది వైన్ విద్యార్థులకు వైట్ వైన్‌లో వాసనలేని ఎర్రరంగు కలిపి ఇచ్చాడు. వాళ్లు రెడ్ వైన్‌కు వాడే మాటలే దానికీ వాడారు. ఫ్రాన్సులో చదువుకున్న ముక్కులే అలా ఉంటే, మన మిఠాయి కొట్లో జిలేబీకి వేసే రంగు చిటికెడు చాలు, పరువు దక్కుతుంది.

ధర లోపానికి వైద్యం ఇంత సులువు కాదు. మా పత్తి మార్కెట్లో వ్యాపారి గుప్పెడు పత్తి తీసి, దూది లాగి, తేమ 8 శాతం దాటిందంటూ వంక వెతికి ధర తగ్గిస్తాడు. వైన్ జ్ఞాని కూడా అచ్చం అలాగే చూస్తాడు, లాగుతాడు, నములుతాడు. చివర్లో ధర పెంచుతాడు. కొనేవాడు తన సొంత డబ్బుకు విరోధంగా వకాల్తా పుచ్చుకునే బేరం నాకు తెలిసి ఇదొక్కటే.

2008లో కాలిఫోర్నియాలో ఒక పరీక్ష చేశారు. ఒకే వైన్‌ను ఒకసారి 5 డాలర్లదని, ఇంకోసారి 45 డాలర్లదని చెప్పి తాగిస్తూ స్కానర్‌లో మెదడు చూశారు. ధర ఎక్కువ చెప్పినప్పుడు సుఖానికి సంబంధించిన భాగం ఎక్కువ చురుగ్గా కనిపించింది. ఇది మోసమని కొందరంటారు. నేననను. సుఖం నిజమేగా? చిక్కల్లా మా ఊరి ఆచారంతోనే. మావాళ్లు రెండు వేలకు కొన్న సీసాను ఇంట్లో మూడొందలని చెబుతారు. సైన్సు ప్రకారం ఆ ఇంట్లో ఆ సీసా రుచించే అవకాశం కొన్నవాడికి తప్ప ఎవరికీ లేదు. వాడికి కూడా, బిల్లు దొరుకుతుందేమోనన్న టెన్షన్‌లో, అనుమానమే.

వాతావరణం గురించి ఒక్క మాట. రెడ్ వైన్‌ను గది వేడిమిలోనే తాగాలని తోడల్లుడు ఫ్రిజ్ తలుపుకు అడ్డం నిలబడ్డాడు. ఆ గది యూరప్‌లోది, 16 నుంచి 18 డిగ్రీలు. మేలో చంద్రపూర్ ఎండ 45 దాటుతుంది. ఆ లెక్కన మా గది వేడిమిలో రెడ్ వైన్ కషాయమవుతుంది, పూటకు రెండు చెంచాలు తీసుకోవచ్చు. అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి, ఏ ఫ్రెంచివాడూ చూడడు.

ఇక ఏ సీసాకు ఎంత పెట్టాలో చెప్పాల్సింది ఎవరు? కూర తెలిసినవాడు. మా ఊళ్లో ఏ ఇంటికి నెలకు ఎన్ని కిలోల మిరపకాయలు పోతాయో, ఎవరు చింతపండు ఎక్కువ వాడతారో, ఎవరింట్లో డాక్టర్ చెప్పాక ఉప్పు తగ్గిందో తెలిసిన మనిషి ఒక్కడే, కిరాణా సేటు. ప్రభుత్వానికి కూడా ఒకసారి ఈ ఆలోచన దరిదాపుల్లోకి వచ్చింది. 2022 జనవరిలో మహారాష్ట్ర మంత్రివర్గం సూపర్‌మార్కెట్లలో వైన్ అమ్ముకోవచ్చంది. గొడవైంది, అమలు ఆగింది. అందులో ఒక షరతు ఉంది: దుకాణం 1000 చదరపు అడుగులకు తగ్గకూడదు. ఆ వార్త వచ్చిన రోజు మా సేటు పప్పు బస్తాలు పక్కకు జరిపించి, టేపు తీసుకుని గల్లా నుంచి వెనక గోడదాకా కొలిచాడు. తర్వాత నిచ్చెనెక్కి, అటక కూడా లెక్కలోకి వస్తుందా అని నన్నడిగాడు.