కంబోడియా మందుపాతరలపై చేతులు మారుతున్న ఒక సందేశానికి ఖండన

"కంబోడియాలో యుద్ధం ముగిసి పాతికేళ్లు దాటినా మందుపాతరల పేరుతో విదేశీ సాయం అడుగుతూనే ఉన్నారు, ఎంత పోసినా నిండని గోతిలో పోసేకన్నా పాతినవాళ్లనే తీయమనాలి, కాలు పోయినవారికి ఒక కృత్రిమ కాలు ఇస్తే బాధ్యత తీరుతుంది" అనే సారాంశంతో ఒక సందేశం విస్తృతంగా చేతులు మారుతోంది. ఇందులోని మూడు వాదనలూ నిలవవు.

ఫలితం లేదన్నది మొదటి మాట. 1996లో ఆ దేశంలో మందుపాతరలు, పేలని మందుగుండు వల్ల మరణించినవారు, గాయపడినవారు కలిపి 4,300 మందికి పైగా ఉండగా, ఇటీవల ఆ సంఖ్య ఏటా వందకు లోపే ఉంటోంది. పోరు ఆగడమూ ఇందుకు ఒక కారణమే అయినా, నేలను శుభ్రం చేయకుండా ఇంత తగ్గుదల సాధ్యమయ్యేది కాదు. పని ముగింపుకు రాదనడమూ తప్పే: 1992లో శాంతి ఒప్పందం కుదిరిన మొజాంబిక్, దాతల సొమ్ముతోనే సాగిన కృషి ఫలించి, 2015 సెప్టెంబరులో మందుపాతరలు లేని దేశంగా ప్రకటించుకుంది.

ఆలస్యానికి కారణం పనిలోనే ఉంది. మందుపాతర అనే మాట తెలుగువారికి కొత్త కాదు గానీ, మన పత్రికల్లో చదివినది చాలావరకు ఎవరో దూరాన పొంచి ఉండి తీగ ద్వారా పేల్చేది. కంబోడియా పొలాల్లోనిది అలాంటిది కాదు. పాతినవాడు చనిపోయినా, సంధి కుదిరినా, తనపై ఎవరిదో ఒకరి అడుగు పడేదాకా కాచుకొని ఉంటుంది. లోహాన్ని పసిగట్టే పరికరం మోగిన ప్రతిచోటా, అది తుప్పుపట్టిన మేకే అయినా సరే, మట్టిని నెమ్మదిగా తొలిచి చూడవలసిందే. పేలుడు పదార్థపు వాసనను గుర్తించేలా శిక్షణ పొందిన ఎలుకలు టెన్నిస్ కోర్టంత స్థలాన్ని అరగంటలో గాలించగలుగుతున్నాయి. వాటిలో మగావా అనేదానికి 2020లో బంగారు పతకం కూడా దక్కింది. అయితే ఆ శిక్షణకూ డబ్బు కావాలి.

పాతినవారే తీయాలన్నది వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ అక్కడ ఒకప్పుడు దేశాన్ని ఏలిన కమ్యూనిస్టు సాయుధ సంస్థ ఖ్మేర్ రూజ్, ప్రభుత్వ సేనలు, వియత్నాం సైన్యం, ప్రతిఘటన దళాలు అన్నీ పాతాయి. వాటిలో కొన్ని నేడు ఉనికిలోనే లేవు. అందుకే మనుషులపై వాడే మందుపాతరలను నిషేధించిన 1997 నాటి ఒట్టావా అంతర్జాతీయ ఒప్పందం, ఎవరు పాతారన్నదానితో నిమిత్తం లేకుండా, తొలగించే బాధ్యతను ఆ నేల ఎవరి అధీనంలో ఉందో ఆ దేశంపై ఉంచి, అందుకు సాయం కోరే హక్కును ఆరవ అధికరణంలో ఇచ్చింది. 2025 సరిహద్దు ఘర్షణలో కంబోడియా కొత్తగా మందుపాతరలు పాతిందని థాయిలాండ్ ఆరోపించింది, కంబోడియా కాదంది. దానిపై విచారణ జరగవలసిందే. అయితే ఆ వివాదానికి శిక్షను పొలం దున్నుకునే రైతు అనుభవించకూడదు. అదే సంవత్సరం ఫిబ్రవరిలో సియెమ్ రీప్ రాష్ట్రంలో పాత రాకెట్ గ్రెనేడ్ పేలి మరణించినది రెండేళ్ల పసిపిల్లలిద్దరు.

నన్ను అన్నిటికన్నా కలచివేసినది మూడో వాదన. కృత్రిమ కాలు ఒకసారి ఇచ్చి మరిచిపోయే వస్తువు కాదు. ఎముక పెరిగే వయసులో సుమారు ఆరు నెలలకొకసారి, పెద్దయ్యాక మూడు నుంచి ఐదేళ్లకొకసారి దానిని మార్చాలని అంతర్జాతీయ రెడ్‌క్రాస్ చెబుతుంది. పదేళ్ల వయసులో కాలు పోగొట్టుకున్న బాలికకు పద్దెనిమిదేళ్లు నిండేలోగానే ఆ లెక్కన పదహారు కాళ్లు కావాలి. వాటికి తోడు మొండిభాగానికి మళ్లీ శస్త్రచికిత్స, నడక శిక్షణ, ఊరి నుంచి బట్టంబాంగ్ వంటి పట్టణంలోని పునరావాస కేంద్రానికి ప్రయాణ ఖర్చు, చదువు, ఆ తరువాత బతుకుతెరువు ఉన్నాయి. ప్రపంచవ్యాప్తంగా దాతలిచ్చే సొమ్ములో సింహభాగం నేలను శుభ్రం చేయడానికే పోతుండగా, బాధితులకు దక్కేది ఏటా చిన్న పాలే. ఆ బాలికకు నలభై ఏళ్లు వచ్చినా కొత్త కాలు అవసరమవుతుంది. దాతల ఒప్పందాలు మాత్రం తరచుగా కొద్ది సంవత్సరాలకే ముగుస్తాయి.